కుందేలుకు ఎన్ని కాళ్లు?



1954 నవంబరులో, కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో, టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. లోపల రాజకీయాలు ఎన్ని ఉన్నా, సభలో తగాదా మాత్రం మద్య నిషేధం మీద. మద్రాసు నుంచి విడిపోతూ మనవాళ్లు ఆస్తులతో, అప్పులతో పాటు నిషేధాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు. ఉంచాలా తీసేయాలా తేల్చమని ఒక కమిటీ వేశారు. తీసేయమంది కమిటీ. ప్రభుత్వానికి అది మింగుడు పడలేదు. తాళ్లెక్కి బతికే గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్నగారు గట్టిగా నిలబడ్డారు. చివరికి అవిశ్వాస తీర్మానం వచ్చింది, పంతులుగారు దిగిపోయారు.

ఆ నిషేధం తర్వాతి కాలంలో పోయింది. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా వేలంపాటల్ని ఆపించారు. 1993లో రాష్ట్రమంతా సారా పోయింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో అది పోయింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దశలవారీ నిషేధం అన్నారు, 2024లో ఆ విధానమూ మారింది. ఇన్నిసార్లు ఇటూ అటూ తిరిగిన విషయం మన దగ్గర మరొకటి ఉందనుకోను. విచిత్రం ఏమిటంటే, ప్రతిసారీ వినిపించిన వాదనలు దాదాపు అవే. ఖజానా ఎలా నిండుతుంది? సంసారాలు కూలిపోవడం లేదా? తాగేవాడు ఎలాగైనా తాగడా? మరి గుజరాత్‌లో ఎలా జరుగుతోంది?

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లు రెండు పక్కలా ఉంటారు. కాళ్లు లెక్కపెట్టడం ఎలాగో చూద్దామన్నదే ఈ పూట నా ప్రయత్నం. మద్యం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి రాలేదు. ఒక విధానం గురించి ఎవరైనా వాదిస్తుంటే, ఆ మాటకు ఎంత బరువివ్వాలో తేల్చుకోవడం ఎలా అన్నది నా విషయం. అందుకు మద్య నిషేధం వంటి మంచి ఉదాహరణ దొరకదు.

అన్నిటికంటే ఎక్కువగా వినపడే వాక్యంతో మొదలుపెడతాను. "నిషేధం పెట్టి చూశాం, విఫలమైంది." టీ కొట్టు దగ్గరా ఇదే మాట, టీవీ చర్చలోనూ ఇదే మాట. సరే, విఫలమైంది అంటే ఏమిటి? తాగుడు తగ్గలేదనా? తగ్గింది గాని దొంగసారా పెరిగిందనా? రెండూ కాదు, ఖజానా ఖాళీ అయిందనా? లేక ప్రభుత్వమే చేతులెత్తేసిందనా? ఇవి నాలుగు వేర్వేరు మాటలు. ఒక్కోదానికి ఒక్కో రకం రుజువు కావాలి. మాట్లాడేవాళ్లు మాత్రం ఒకదానికి రుజువు చూపించి, నాలుగూ రుజువైపోయినట్టు ముందుకు వెళ్లిపోతారు.

1995 నుంచి 1997 దాకా మన దగ్గర జరిగింది చూడండి. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క మహారాష్ట్ర, ఒక పక్క తమిళనాడు, ఒరిస్సా. ఇక గోదావరి జిల్లా మధ్యలో యానాం. అది పుదుచ్చేరి కిందిది, అక్కడ మన చట్టం చెల్లదు. దొంగ సరుకు దిగింది, నాటుసారా బట్టీలు వెలిగాయి, పైగా ఖజానాలో పెద్ద బొక్క పడింది. రెండేళ్లు దాటగానే ప్రభుత్వం తట్టుకోలేక సడలించింది. ఇంతవరకూ నిజమే. కానీ ఇందులో తాగుడు తగ్గిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఎక్కడుంది? నిషేధం ఎత్తేయడం ప్రభుత్వాల ఓపిక గురించి చెబుతుంది, డబ్బు అవసరం గురించి చెబుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఒక కూలీ సాయంత్రం ఇంటికి ఎలా వచ్చాడో చెప్పదు. "విఫలమైంది" అనేవారు ఏ అర్థంలో అంటున్నారో అడిగి చూడండి. సగం వాదన అక్కడే కరిగిపోతుంది. మిగిలిన సగం గట్టిదే అయి ఉండొచ్చు, దానితో మాత్రం తలపడాల్సిందే.

ఇప్పుడు ఒక అంకె. కాగితం, పెన్సిలు దగ్గర ఉంటే తీసుకోండి, లేకపోయినా పర్వాలేదు, నెమ్మదిగా చెబుతాను.

1992 సారా వ్యతిరేక ఉద్యమం నాటి రాతల్లో ఒక లెక్క మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజ్ ఆదాయం 39 కోట్లు. 1991-92 నాటికి 812 కోట్లు. భాగిస్తే సుమారు 21 రెట్లు. ఉపన్యాసంలో ఈ అంకె పడగానే చప్పట్లు ఖాయం. ఇరవై ఏళ్లలో ఇరవై ఒక్క రెట్లు తాగించారు అనిపిస్తుంది మరి.

ఆగండి. 1970-71లో రూపాయి వేరు, 1991-92లో రూపాయి వేరు. ఆ మధ్యలో దేశంలో ధరలు దాదాపు ఆరు రెట్లయ్యాయి. 21ని 6తో భాగిస్తే మూడున్నర. ఇక జనాభా. 1971 జనగణనలో ఆంధ్రప్రదేశ్ 4 కోట్ల 35 లక్షలు, 1991లో 6 కోట్ల 65 లక్షలు, అంటే ఒకటిన్నర రెట్లు. మూడున్నరని ఒకటిన్నరతో భాగించండి. తలకు రెండు రెట్ల పైచిలుకు వస్తుంది. 21 ఎక్కడ, 2 ఎక్కడ!

అక్కడితోనూ అయిపోలేదు. ఆదాయం పెరగడమూ తాగుడు పెరగడమూ ఒకటి కాదు. వేలంపాటలో కాంట్రాక్టర్లు పోటీపడి పాట పెంచితే ఆదాయం పెరుగుతుంది. పన్ను పెంచితే పెరుగుతుంది. అంతకుముందు దొంగచాటుగా అమ్ముడైన సారా ప్రభుత్వ ప్యాకెట్లలోకి మారినా పెరుగుతుంది. కాబట్టి ఆ రెండు రెట్లలో గొంతులోకి దిగింది ఎంతో ఈ అంకె ఒక్కటీ చెప్పలేదు.

అయితే ఉద్యమం వాదన కూలిపోయిందా? లేదు. నా ఉద్దేశంలో అది ఇంకా గట్టిపడింది. పేదవాళ్ల కూలిలోంచి తలకింత చొప్పున ప్రభుత్వం తీసుకునేది, ధరల తేడా తీసేశాక కూడా, రెండింతలైందంటే చిన్న మాటా? ఆ రెండింతల్ని ఎవరూ కొట్టేయలేరు. 21 రెట్లను మాత్రం పదో తరగతి కుర్రాడు కొట్టేస్తాడు, కొట్టేసి మొత్తం ఉద్యమమే అబద్ధమని తీర్మానిస్తాడు. తమ పక్షానికి ఉత్సాహవంతులు చేసే హాని ఇంతా అంతా కాదు.

దూబగుంట మాట వచ్చింది గనక ఆ ఉద్యమం వాదన దగ్గరే కాసేపు ఆగుతాను. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రిబడులు నడిచాయి. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుడు వల్ల చితికిన సంసారం కథ. అది చదివిన ఆడవాళ్లు ఏకమై ఊళ్లో సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం కథ మీకు తెలిసిందే. నేను చూసేది వాళ్ల వాదన అల్లిక.

ఆ వాదనలో మూడు ముడులున్నాయి. సారా ఊళ్లోకే, గుమ్మం దగ్గరికే ప్యాకెట్ల రూపంలో వస్తోంది గనక మగవాళ్లు ఇంత తాగుతున్నారు, ఇది మొదటి ముడి. దుకాణం మూస్తే తగ్గుతుంది, ఇది రెండోది. తగ్గితే ఆ డబ్బు ఇంటికొస్తుంది, ఇది మూడోది. ఇందులో ఒక్క ముడి విడినా వాదన నిలవదు. అందుకే ఏ ముడి గట్టిది, ఏది వదులు అని విడివిడిగా లాగి చూడాలి.

మొదటిది చాలా గట్టిది. నీళ్ల ట్యాంకరు రాని ఊరికి కూడా సారా ప్యాకెట్ వచ్చేదని అప్పట్లో ఆడవాళ్లు అన్న మాట ఉత్త కోపం కాదు. సరుకు ఎంత దగ్గరగా ఉంటే అంత అమ్ముడవుతుందని ఏ కిరాణా కొట్టు శెట్టిగారిని అడిగినా చెబుతాడు. బెల్టు షాపులు ఎందుకు పుడతాయంటారు మరి? మెయిన్ రోడ్డు మీద షాపు ఉన్నా సరే, ఊళ్లో పెడితే ఇంకా పోతుందని కదా! రెండో ముడి కొంచెం వదులు. పక్క ఊళ్లో దొరికితే కొందరు అక్కడికి పోతారు. కానీ రోజూ కూలికెళ్లే మనిషి రోజూ ఐదు మైళ్లు నడిచి తాగిరావడం కష్టం కాబట్టి కొంత తగ్గడం ఖాయం. మూడోది అన్నిటికంటే వదులు. మిగిలిన డబ్బు బియ్యానికే పోతుందని ఎవరు రాసిచ్చారు? పేకాటకు పోవచ్చు. ఎక్కడో దొరికే ఖరీదైన సీసాకు పోయి ఇల్లు ఇంకా గుల్ల కావచ్చు. ఇక్కడే ఎదుటివాడు దెబ్బ కొట్టాలి. విచిత్రంగా నిషేధాన్ని వ్యతిరేకించేవాళ్లు ఎక్కువమంది మొదటి ముడి మీదే పడి కొడతారు, "తాగేవాడు ఎక్కడున్నా తాగుతాడు" అంటూ. గట్టిగా ఉన్నచోటే గుద్దుకుని చెయ్యి నొప్పి తెచ్చుకోవడం.

ఖజానా సంగతి కూడా ఈ ఆడవాళ్లే తేల్చారు. ప్రభుత్వానికి కోట్ల నష్టం అన్నప్పుడు, ఆ కోట్లు ఆకాశం నుంచి రాలేదు, మా ఇళ్లలోంచే వచ్చాయి అన్నారు. అంతే కాదు, తాగేవాడు పెట్టే ప్రతి రూపాయిలో పన్ను ఒక భాగమే. మిగతాది కాంట్రాక్టరుకు, రవాణాకు, దుకాణానికి పోతుంది. కాబట్టి ఖజానాకు రూపాయి పోతే ఇళ్లకు రూపాయి కంటే ఎక్కువే మిగలాలి. తాగుడు నిజంగా ఆగితే, లెక్కగా చూస్తే ఇది నూటికి నూరుపాళ్లు సరైన వాదన. దీనికి దీటైన జవాబు ఒకటే ఉంది. ఆ రోజుల్లో ఆ పన్నుతోనే రెండు రూపాయల బియ్యం ఇచ్చేవారు, తాగని ఇంటికి కూడా ఇచ్చేవారు. పన్ను పోతే ఆ ఇంటి బియ్యం ఎవరిస్తారు? జవాబు బలంగా ఉంది కదూ! నిజంగానే 1996లో కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది.

ఈ విషయంలో రాజాజీని మెచ్చుకోవాలి. 1937లో ఆయన సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టారు, మరుసటి ఏడాది మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. అబ్కారీ డబ్బు పోతే ఏం చేస్తారంటే, 1939లో మద్రాసు రాష్ట్రంలో అమ్మకం పన్ను వేశారు. ఆ పన్ను ఎవరికి నచ్చింది? ఎవరికీ నచ్చలేదు. కానీ "నిషేధం కావాలి, దాని ఖర్చు ఇదిగో, ఇలా కట్టండి" అని ముందే చెప్పారాయన. తన ఖర్చు తానే చెప్పుకునే వాదనను నేను సగం ఎక్కువ నమ్ముతాను. నిషేధమూ ఉంటుంది, చౌక బియ్యమూ ఉంటుంది, కొత్త పన్నూ ఉండదు అంటే, ఎవరు చెప్పినా సరే, జేబు తడుముకోవాలి.

ఇప్పుడు బీహార్ వెళదాం. నిషేధం మీద ఈమధ్య వినిపించే గట్టి వాదనలన్నీ అక్కడి నుంచే వస్తున్నాయి. 2016 ఏప్రిల్ నుంచి అక్కడ సంపూర్ణ నిషేధం. అక్కడ కూడా అడిగింది ఆడవాళ్లే.

2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక అంకె బయటికొచ్చింది. 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగుతామన్నవాళ్లు బీహార్‌లో నూటికి 15.5 మంది, నిషేధం లేని మహారాష్ట్రలో 13.9 మంది. పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. నిషేధం ఉన్నచోటే ఎక్కువ తాగుతున్నారట!

వినడానికి ఎంత గట్టిగా ఉందో, లోపల అంత డొల్ల. బీహార్‌ను మహారాష్ట్రతో ఎందుకు పోల్చాలి? నిషేధానికి ముందు ఆ రెండు రాష్ట్రాలూ సమానంగా తాగాయా? నిషేధం పని చేసిందో లేదో తెలియాలంటే బీహార్‌ను నిషేధం లేని బీహార్‌తో పోల్చాలి. అలాంటి బీహార్ లోకంలో లేదు. అందుకని దానికి దగ్గరగా ఉండేది వెతుక్కోవాలి. 2016కి ముందు బీహార్ ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, అదే కాలంలో నిషేధం లేని పక్క రాష్ట్రాలు ఎటు పోయాయి? బీహార్‌లో తగ్గి, పక్కన తగ్గకపోతే, ఆ తేడాలో కొంతయినా నిషేధానిది. పక్కన కూడా అంతే తగ్గితే నిషేధానికి పేరు రాదు.

ఈ పద్ధతిలోనే కొందరు పరిశోధకులు పాత సర్వేలు, కొత్త సర్వేలు పక్కపక్కన పెట్టి లెక్క వేశారు. 2024లో లాన్సెట్ వాళ్ల ఆగ్నేయాసియా పత్రికలో వచ్చింది. రోజూ గాని వారంవారం గాని తాగే అలవాటు 24 లక్షల మందికి తప్పిందనీ, భర్త చేతి హింస 21 లక్షల సందర్భాల్లో తప్పిందనీ వాళ్ల అంచనా. అంచనాయే, తలలు లెక్కపెట్టింది కాదు.

మీరు తెలివైన శ్రోతలు. మీకొక అనుమానం వచ్చే ఉంటుంది. తాగితే జైలు అన్న రాష్ట్రంలో, తాగుతావా అని సర్వేవాడు అడిగితే ఎవడు అవునంటాడు? మంచి ప్రశ్న, నిజంగా మంచి ప్రశ్న. అంకెలు తగ్గింది నోళ్లు మూసుకున్నందువల్ల కూడా కావచ్చు. ఇక్కడ ఆ సర్వేలోని ఒక చిన్న ఏర్పాటు పనికొస్తుంది. ఇంట్లో హింస గురించి అడిగేటప్పుడు ఒక ఇంట్లో ఒక్క ఆడమనిషినే అడుగుతారు, అది కూడా చుట్టూ ఎవరూ లేకుండా. ఎవరైనా గదిలోకి వస్తే ఆ ప్రశ్నలు ఆపేయాలి. ఆమె చెప్పేది తన మీద పడిన దెబ్బల గురించి. మద్యం చట్టానికి దానితో పని లేదు, దాచాల్సిన కొత్త కారణం 2016లో ఏమీ పుట్టలేదు. మగవాడి జవాబు, ఆడమనిషి జవాబు వేర్వేరు దార్లలో వచ్చి ఒకే వైపు చూపిస్తే, ఆ సాక్ష్యం బరువు పెరుగుతుంది. అందుకే ఈ అధ్యయనాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. అలాగని చేతులెత్తి మొక్కను కూడా. అదే కాలంలో అక్కడ పొదుపు సంఘాలు పెరిగాయి, ఆడపిల్లల చదువు పెరిగింది. నిషేధం వాటా ఎంత, వాటి వాటా ఎంత అని విడదీయడం ఎవరికైనా కష్టమే.

ఇక కల్తీసారా. 2022 డిసెంబరులో బీహార్ సారణ్ జిల్లాలో కల్తీసారా తాగి 70 మందికి పైగా చనిపోయారు. అప్పుడు వినపడిన మాట, "నిషేధం లేకపోతే వీళ్లు బతికేవాళ్లు." శవాల ముందు లెక్కలు మాట్లాడటం మర్యాద కాదు, తెలుసు. అయినా చట్టం ఉంచాలా తీయాలా అని అడిగేటప్పుడు మాట్లాడక తప్పదు. కారణం లేని చోట కూడా అదే ఫలితం వస్తోందా అని చూడాలి. 2019లో అస్సాంలో, 2020లో పంజాబ్‌లో, 2024లో తమిళనాడు కళ్లకురిచ్చిలో కల్తీసారా పదులకొద్దీ, కొన్నిచోట్ల వందకు పైగా ప్రాణాలు తీసింది. మూడు చోట్లా నిషేధం లేదు. బ్రాండీ షాపులు బార్లా తెరిచే ఉన్నాయి. షాపులో సీసా కొనలేని కూలివాడు చౌక ప్యాకెట్ కోసం పోయాడు. అంటే కల్తీసారాకు నిషేధం ఒక దారి, పేదరికానికి అందని ధర ఇంకో దారి. "నిషేధమే కారణం" అన్నది ఇక్కడ బాగా నీరసపడుతుంది. "నిషేధం కూడా ఒక కారణం" అన్నది నిలుస్తుంది. ఇదే లెక్కన, ఖరీదు పెంచి తాగుడు మాన్పిద్దాం అనే ప్రభుత్వాలు కూడా ఈ శవాలకు జవాబు చెప్పాలి. 2020 మేలో ఆంధ్రప్రదేశ్ ధరలు ఒక్కసారిగా 75 శాతం పెంచినప్పుడు ఈ ప్రశ్న అడిగినవాళ్లలో చాలామంది రాజకీయం కోసం అడిగారు. రాజకీయం కోసం అడిగినా ప్రశ్న మాత్రం సరైనదే.

అదొక సంగతి. ఎవరు అన్నారన్నది చూసి వాదనను తోసిపుచ్చడం మనకు మహా ఇష్టం. "వాడు లిక్కర్ కాంట్రాక్టరు, వాడి మాట ఏం వింటాం?" వినాలి. వాడు ఇచ్చిన అంకెను ఇంకో చోట సరిచూసుకోవాలి, అంతే. స్వార్థం ఉన్నవాడు అబద్ధం చెప్పే అవకాశం ఎక్కువ, నిజమే. కానీ సరుకు ఎటు నుంచి దొంగతనంగా వస్తుందో అందరికంటే ఎక్కువ తెలిసింది కూడా వాడికే. అటుపక్క గాంధీగారి పేరెత్తినంత మాత్రాన వాదనకు బలం రాదు. గాంధీగారు నిషేధం కోరారు, రాజ్యాంగం 47వ అధికరణం కూడా అటే చూపించింది. అవి లక్ష్యం గౌరవనీయమని చెబుతాయి. ఫలానా చట్టం ఆ లక్ష్యాన్ని చేరుస్తుందో లేదో అవి చెప్పవు.

ఇంకో రకం మాట ఉంది. "మా బావమరిది నిషేధం రోజుల్లోనే ఎక్కువ తాగేవాడండీ, నా కళ్లతో చూశాను." ఇలాంటిది మీరూ వినే ఉంటారు. కళ్లతో చూసింది కాదనలేం. ఒక బావమరిది ఉన్నాడని అది రుజువు చేస్తుంది. నూటికి ఎందరు అలాంటి బావమరుదులో అది చెప్పదు. పైగా ఇలాంటి కథల్లో కొన్ని, తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడ మేత కోసం అన్న బాపతు. అభిప్రాయం ముందే ఉంటుంది, కారణం తర్వాత దొరుకుతుంది.

"ఎంత నిషేధించినా ఆగదు కాబట్టి నిషేధం దండగ" అన్న మాటకు మళ్లీ వస్తాను, ఎందుకంటే తెలివైనవాళ్లు కూడా దీన్ని పట్టుకుని వేలాడతారు. ఇదే సూత్రం ఇంకో దానికి పెట్టి చూడండి. 1961 నుంచి వరకట్న నిషేధ చట్టం ఉంది. కట్నాలు ఆగాయా? ఆగలేదు. చట్టం తీసేద్దామా? ఎవరూ ఒప్పుకోరు. అంటే "ఆగదు" అన్న ఒక్క మాట చాలదని వాళ్లే ఒప్పుకున్నట్టు. దానికి ఇంకేదో కలపాలి. చట్టం వల్ల మేలు కంటే కీడు ఎక్కువ అని చూపించాలి. బీహార్‌లో చూపించవచ్చు కూడా. అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారు 2021 డిసెంబరులో విజయవాడలోనే ఒక ఉపన్యాసంలో అన్నారు, బీహార్ చట్టాన్ని ముందుచూపు లేకుండా రాశారనీ, బెయిలు దరఖాస్తులతో హైకోర్టు నిండిపోయిందనీ. జైలుకు పోయింది ఎక్కువగా పేదలే. చివరికి బీహార్ ప్రభుత్వమే 2022లో చట్టం సవరించి, మొదటిసారి దొరికినవాడు జరిమానా కట్టి బయటపడేలా చేసింది. ఇదీ గట్టి వాదన అంటే. "తాగేవాడు తాగుతాడు" అన్న దానికంటే పదిరెట్లు గట్టిది, కానీ టీవీలో దీనికి ఉన్న సమయం పదో వంతు.

నిషేధం కోరేవాళ్లకూ ఇదే పరీక్ష. "హాని చేస్తుంది కాబట్టి నిషేధించాలి" అంటే పొగాకు సంగతేమిటి? బీడీ, సిగరెట్ కూడా ప్రాణాలు తీస్తాయి. మద్యం భార్యాపిల్లల మీద కూడా పడుతుంది, సిగరెట్ ఎక్కువగా తాగేవాడినే తింటుంది అని మీరు తేడా చూపిస్తే బాగుంది, ఇప్పుడు వాదన కొంచెం ఇరుకై గట్టిపడింది. అప్పుడు ఇంట్లో ఎవరినీ కొట్టకుండా, జీతం అంతా తెచ్చి భార్య చేతిలో పెట్టి, శనివారం ఒక బీరు తాగే గుమాస్తాను ఏ కారణంతో నేరస్థుణ్ణి చేస్తారో చెప్పాలి. ఈ ప్రశ్నకు అంకెలు జవాబివ్వవు. అతని స్వేచ్ఛ ఒక పక్క, పక్కింటి ఆడమనిషి భద్రత ఇంకో పక్క. ఏది ఎంత బరువో మనుషులు తేల్చుకోవాలి. ఇలాంటి చోట ఇద్దరు నిజాయతీపరులు కూడా ఒక మాట మీదకు రాకపోవచ్చు. వాళ్లను సర్వేలతో కొట్టుకోమనడం అన్యాయం.

1954లో గౌతు లచ్చన్నగారు గుర్తుచేసింది మన చర్చల్లో ఇప్పటికీ తరచు మాయమవుతుంది. ఆడవాళ్లు, ఖజానా, తాగేవాడు, ఈ ముగ్గురితో చర్చ అయిపోయిందనుకుంటాం. మోకు, ముస్తాదు వేసుకుని పొద్దున్నే తాడెక్కే మనిషి, అతని కులవృత్తి, అతని పిల్లలు ఎక్కడ? ఒక విధానం వల్ల నష్టపోయేవాళ్ల పేరు వాదనలో వినపడకపోతే, ఆ వాదన ఎంత అందంగా ఉన్నా సగమే.

నా లెక్క చెప్పేస్తాను. 1993 నాటి సారా నిషేధం వాదన నాకు బలంగానే కనిపిస్తుంది, ఎందుకంటే ప్రభుత్వమే గుమ్మంలోకి తెచ్చి అమ్ముతున్న సరుకును ప్రభుత్వం ఆపడానికి పోలీసులు పెద్దగా అక్కర్లేదు. సంపూర్ణ నిషేధం వాదన అంత బలంగా కనిపించదు. అమలు భారం, జైళ్లు, చుట్టూ ఉన్న సరిహద్దులు దాన్ని లాగేస్తాయి. అయినా భర్త చేతి దెబ్బలు నిజంగా ఆ స్థాయిలో తగ్గాయని ఇంకో రెండు రాష్ట్రాల్లో ఇంకెవరైనా ఇదే పద్ధతిలో చూపిస్తే, నేను అటువైపు జరుగుతాను.

నా లెక్కనూ, నాతో పడనివాళ్ల లెక్కనూ కలిపి ఇబ్బంది పెట్టే అంకె ఒకటుంది. అదే 2019-21 సర్వేలో తాగుతామన్న మగవాళ్లు తెలంగాణలో నూటికి 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది. 2014కు ముందు దశాబ్దాలపాటు రెండు చోట్లా ఒకే ప్రభుత్వం, ఒకే ఎక్సైజ్ చట్టం, ఒకే నిషేధం, ఒకే సడలింపు. సర్వే నాటికి ఆంధ్రలో విధానం మారడం మొదలైందన్నది నిజమే గాని, ఇంత తేడా అంత కొత్త విధానంతో వచ్చేది కాదు. పండక్కీ పబ్బానికీ, పెళ్లికీ చావుకీ కల్లు లేనిదే జరగని ఊళ్లు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి, ఆ సర్వే కల్లునూ మద్యం కిందే లెక్కవేసింది. అది కొంత కారణం కావచ్చు, ఇంకేమైనా ఉండొచ్చు. చట్టమే అంతా చేస్తుందనేవాళ్లూ, చట్టం ఏమీ చేయదనేవాళ్లూ ఎవరైనా సరే, ఈ 43కీ 23కీ మధ్య ఉన్న 20ని ముందు వివరించి, తర్వాత మిగతాది మాట్లాడితే వినడానికి నేను సిద్ధం.